పాత కారు, కొత్త స్టీరియో, ఇద్దరు తోడికోడళ్లు

అమ్మాయిలూ, ఈ నెల ఆవకాయ కబుర్లూ పట్టుచీరల కబుర్లూ కాస్త పక్కన పెడదాం. కారు కబుర్లు చెప్తాను. అదంతా మగాళ్ల గొడవ అని పేజీ తిప్పేయకండి. మిక్సీ జారు కింద రబ్బరు మార్చేది ఎవరు? కుట్టుమిషను బాబిన్ కేసులో ఇరుక్కున్న దారం లాగేది ఎవరు? గ్యాస్ స్టౌ బర్నరు విప్పి, సూదితో చిల్లులు పొడిచి, మళ్లీ కూర్చోబెట్టేది ఎవరు? ఆ చేతులకి కారులో స్టీరియో మార్చడం పెద్ద లెక్క కాదు. నేనూ మా తోడికోడలూ కలిసి మార్చాం కాబట్టే ఇంత ధీమాగా చెప్తున్నా.

కారు మా మామయ్యగారిది. మారుతి 800. 1983 డిసెంబరులో రోడ్డెక్కి, 2014 జనవరిలో తయారీ ఆగిపోయిన బండి. ఆ మధ్యకాలంలో మన మధ్యతరగతి ఇళ్లలో ‘మొదటి కారు’ అంటే చాలామందికి ఇదే కదా. మాది పదిహేనేళ్లు దాటిపోయింది. ఫిట్‌నెస్ చూపించి రిజిస్ట్రేషన్ ఇంకో అయిదేళ్లు పొడిగించుకున్నాం. అమ్మేద్దామంటే మామయ్యగారు వినరు. “కొన్నవాడు దీన్ని బాగా చూసుకుంటాడని ఏంటే గ్యారంటీ?” అంటారు, ఆడపిల్లని అత్తారింటికి పంపుతున్నట్టు. ఇప్పుడు ఆయన నడపరు. పక్క సీట్లో కూర్చుని, బెజవాడ నుంచి గుంటూరు దాకా పాటలు వింటూ వస్తే చాలు ఆయనకి. ఆ పాటలపెట్టే మొరాయించింది. క్యాసెట్టు వేస్తే టేపు నమిలేస్తోంది. రేడియో నాబు తిప్పితే బరబర తప్ప మాట రావట్లేదు.

మొదట దుకాణానికే వెళ్లాం. అక్కడి కుర్రాడు డాష్‌బోర్డు వంక ఒక్క చూపు చూసి, “పెద్ద స్క్రీను పెట్టించుకోండి మేడమ్, ఇక్కడ కొంచెం కోసేస్తే సరిపోద్ది” అన్నాడు. మామయ్యగారు అక్కడే కారు దిగి నిలబడిపోయారు. “కోసేది లేదు, పదండి ఇంటికి” అన్నారు. నాకూ అదే అనిపించింది. కొత్త బండి అయితే ఏదో అనుకోవచ్చు. విడిభాగాలు దొరకడం తగ్గిపోతున్న బండికి డాష్‌బోర్డు కోశాక మళ్లీ అతికించేదెవరు?

అసలు ఆ కోత ఎందుకు కావాలంటాడో తెలుసా? స్టీరియో కూర్చునే గూటికి ఒక కొలత ఉంది. వెడల్పు 180 మిల్లీమీటర్లు, ఎత్తు 50. జర్మనీ వాళ్ల ప్రమాణాల సంస్థ పెట్టిన కొలత అది. వాళ్ల సంస్థ పేరులోని పొడి అక్షరాలే ‘డిన్’. తర్వాత అదే అంతర్జాతీయ ప్రమాణం కూడా అయింది. ఎత్తు రెట్టింపై 100 మిల్లీమీటర్లుంటే డబుల్ డిన్. పాటతో పాటు బొమ్మలూ మ్యాపులూ చూపించే టచ్ స్క్రీన్లు ఎక్కువగా ఈ రెండో రకం. మన పాత చిన్నకార్లలో చాలావాటికి ఉన్నది సింగిల్ గూడు. అందులో సింగిల్ డిన్ స్టీరియో ఏ కంపెనీది తెచ్చినా పట్టేస్తుంది. కాబట్టి కొనేముందు చేయాల్సిన పని ఒక్కటే, టైలరు దగ్గరుండే టేపు పట్టుకెళ్లి గూడు కొలవడం. లోతు కూడా కొలవండి. సీడీ పెట్టే యంత్రం లేని, పెన్‌డ్రైవూ బ్లూటూతూ మాత్రమే ఉన్న స్టీరియోలు వెనక్కి బాగా పొట్టిగా ఉంటాయి. మిగిలిన చోటు తీగలు సర్దుకోవడానికి పనికొస్తుంది. పాత బండికి అవే మేలని నా మాట.

ఏమీ విప్పడం ఇష్టం లేనివాళ్లకి వేరే దారులున్నాయి లెండి. క్యాసెట్ ప్లేయరు బాగుంటే, ఫోను తీగ తగిలించిన ఉత్తుత్తి క్యాసెట్టు ఒకటి దొరుకుతుంది, దాన్ని లోపల పెడితే ఫోనులో పాట కారులో వస్తుంది. సిగరెట్ లైటరు సాకెట్టులో గుచ్చే బుల్లి ఎఫ్ఎం ట్రాన్స్‌మిటర్లు కూడా ఉన్నాయి. మా దాంట్లో క్యాసెట్టూ పోయింది, రేడియో కూడా పోయింది. ఆ దారులు మూసుకుపోయాయి.

స్టీరియో మాకు డాలస్ నుంచి వచ్చింది. మా తోడికోడలి తమ్ముడు అక్కడుంటాడు. తన కారులోంచి తీసేసిన సింగిల్ డిన్ స్టీరియో ఒకటి ఊరికే పడుందని, సంక్రాంతికి వచ్చినప్పుడు చాక్లెట్ల మధ్య పెట్టి తెచ్చాడు. పుట్టింటి సొత్తు కదా, మా తోడికోడలు దాన్ని నాకూ ముట్టనివ్వకుండా రెండు రోజులు తన బీరువాలోనే పెట్టుకుంది. ఆ తర్వాత ఒకరోజు మధ్యాహ్నం, మగవాళ్లు ఇంట్లో లేని వేళ చూసి, “అక్కా, మనమే బిగించేద్దామా?” అంది. ఆ మాటకోసమే ఉన్నాను నేను.

సామాన్ల సంగతి. పదో నంబరు పానా, స్టార్ స్క్రూడ్రైవరు, చదును స్క్రూడ్రైవరు, కటింగ్ ప్లయరు, తీగ తోలు ఒలిచే కత్తి, మల్టీమీటరు. ఈ చివరిది లేకుండా మొదలుపెట్టకండి. ఖరీదైనది అక్కర్లేదు, ఎలక్ట్రికల్ షాపులో దొరికే చవకదే చాలు. చాలామంది ఇంట్లో ఉన్న టెస్టరు పట్టుకొస్తారు. చొక్కా జేబులో పెన్నులా పెట్టుకుంటారే, అది. కారు బ్యాటరీ 12 వోల్టులు. ఆ వోల్టేజికి టెస్టరులోని నియాన్ దీపం వెలగనే వెలగదు. ‘దీపం వెలగలేదు కాబట్టి ఈ తీగలో కరెంటు లేదు’ అనుకుని దాన్ని ఇనుముకి తగిలించారో, నిప్పురవ్వలే. మల్టీమీటరులో డీసీ 20 వోల్టుల గుర్తు దగ్గర పెట్టి చూస్తే అంకె కనబడుతుంది, అనుమానానికి తావుండదు.

మొట్టమొదట బానెట్ ఎత్తి బ్యాటరీ మైనస్ తీగ విప్పాలి. ప్లస్ ముందు కాదు, గుర్తుంచుకోండి. కారు ఇనుపశరీరమంతా మైనస్సే. మైనస్ తగిలి ఉండగా ప్లస్ విప్పబోతే, పానా పొరపాటున పక్కనున్న ఇనుముకి తాకిందంటే పెద్ద మెరుపు మెరుస్తుంది. మైనస్ ముందు తీసేస్తే ఆ భయం లేదు. బిగించేటప్పుడు అది చివర. ఈ పని చేసేటప్పుడు గాజులూ ఉంగరాలూ తీసి కొంగున ముడేసుకోండి. లోహానికి లోహం తగిలితే ఏమవుతుందో పానా విషయంలో చెప్పాను కదా.

పాత స్టీరియో బయటికి లాగడానికి రెండు పక్కలా సన్నటి రేకు తాళాలు గుచ్చాలి. లోపలి స్ప్రింగులు నొక్కుకుని పెట్టె ముందుకొస్తుంది. ఆ తాళాలు ఏ ఇంట్లోనూ ఉండవు, అదో రివాజు. మేం హాక్సా బ్లేడు విరిచిన ముక్కల్ని చెరో పక్కా దూర్చాం. కిర్రుమంటూ వచ్చింది.

వచ్చాక వెనకాల చూస్తే, పొద్దుపోయాక పూలకొట్టు దగ్గర పారేసిన దారాల ముద్దలా ఉంది తీగల చిక్కు. మా తోడికోడలు “అమ్మో” అని వెనక్కి తగ్గింది.

అసలు ముచ్చట ఇక్కడుంది అమ్మాయిలూ. పాత కారులో కొత్త స్టీరియో పెట్టడం పని కాదు, అది అరగంట వ్యవహారం. ఆ కారు కొన్నప్పటి నుంచీ దాని వెనకాల ఎవరెవరు చెయ్యి పెట్టారో, ఏ తీగ తెంపి ఏ తీగకి మెలేశారో, అది విప్పి చదవడమే పని. ఈ పనికి కండబలం అక్కర్లేదు, ఓపిక కావాలి. చింతపండులో గింజలూ ఈనెలూ తీస్తూ గంటలు కూర్చోగలిగిన మనకి అది కొరవా?

మా బండిలో కనీసం ముగ్గురి చేతివాటం కనిపించింది. ఒకాయన తీగలు మెలేసి నల్ల టేపు చుట్టాడు. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే బెజవాడ ఎండలో, అద్దాలు మూసిన కారులో, టేపు బంక నిలుస్తుందా? కరిగి, జారి, తీగ బోసిపోయి ఉంది. ఇంకొకాయన నయం, ప్లాస్టిక్ కనెక్టరు వాడాడు. మూడో మహానుభావుడు ఫ్యూజు పోయినప్పుడల్లా కొనడం విసుగనిపించి, ఫ్యూజు ఉండాల్సిన చోట రాగి తీగ పోగులు చుట్టేశాడు.

ఫ్యూజు విషయంలో మటుకు కాస్త కోపంగానే చెప్తాను. తీగ ఎక్కడో ఒరుసుకుని షార్టయితే, ముందు కాలిపోవాల్సింది ఫ్యూజు. దాని బదులు రాగి చుడితే కాలేది తీగ. తీగ పక్కన కార్పెట్టూ ఫోమూ ఉంటాయి, అందులో మనం ఉంటాం. కారు రేడియోకీ మంటలకీ పాత చుట్టరికమే ఉందట. 1930లో అమెరికాలో పాల్ గాల్విన్ అనే ఆయన తన స్టూడీబేకర్ కారులో రేడియో బిగించుకుని, అట్లాంటిక్ సిటీలో రేడియో కంపెనీల సభ జరుగుతుంటే బయట బండి ఆపి, వచ్చేపోయేవాళ్లకి గట్టిగా వినిపించాడు. ఆ రేడియోకి పెట్టిన పేరే మోటరోలా. ఆయనే అప్పుకోసం ఒక బ్యాంకు పెద్దమనిషిని మంచి చేసుకుందామని ఆయన ప్యాకార్డు కారులో రేడియో పెట్టిస్తే, అరగంటలో కారు అంటుకుందని ఒక కథ చెప్పుకుంటారు. అప్పు పుట్టలేదని వేరే చెప్పాలా!

సరే, తీగల దగ్గరికొద్దాం. కొత్త స్టీరియో వెనక వచ్చే తీగల రంగులకి ఒక పద్ధతుంది, బయట విడిగా అమ్మే స్టీరియోల్లో దాదాపు అన్నిటికీ ఒకటే. పసుపు, ఎప్పుడూ బ్యాటరీ కరెంటు ఉండాల్సినది. ఎరుపు, తాళం తిప్పినప్పుడే కరెంటు రావాల్సినది. నలుపు, మైనస్. తెలుపు ముందు ఎడమ స్పీకరు, బూడిద రంగు ముందు కుడి, ఆకుపచ్చ వెనక ఎడమ, ఊదా వెనక కుడి. ప్రతి స్పీకరు రంగుకీ నల్లచార ఉన్న జంట ఉంటుంది, అది ఆ స్పీకరు మైనస్. నీలం తీగ కరెంటుతో లేచే యాంటెన్నాకి. మన పాత బండ్లలో యాంటెన్నా చేత్తో లాగేదే కాబట్టి దాని మూతికి టేపు వేసి పక్కన పెట్టేయాలి.

కానీ ఈ రంగుల పద్ధతి స్టీరియో వైపుది. కారు వైపు తీగల రంగులు కారు కంపెనీ ఇష్టం, ఆ తర్వాత మెకానిక్కుల ఇష్టం. పసుపుకి పసుపు, ఎరుపుకి ఎరుపు అని జడలో రిబ్బను కలిపినట్టు కలిపేయకూడదు. కారు వైపు తీగల మూతులన్నీ విడివిడిగా టేపు వేసి, బ్యాటరీ మళ్లీ తగిలించి, ఒక్కొక్కటే విప్పి చూడాలి. మల్టీమీటరు నల్లముల్లు ఇనుముకి, ఎర్రముల్లు తీగకి. తాళం జేబులో ఉన్నా 12 చూపించిందంటే అది పసుపుకి జోడు. తాళం తిప్పితేనే చూపించి, తీస్తే సున్నాకి పడిపోయిందంటే ఎరుపుకి జోడు. మా తోడికోడలు తాళం తిప్పుతూ “ఉందా? పోయిందా?” అని అడగడం, నేను కాగితం మీద రాసుకోవడం. చూసేవాళ్లకి గవ్వలాట ఆడుతున్నామనిపించి ఉంటుంది. పక్కింటి పిన్నిగారు గోడమీదనుంచి చూసి “కారు పాడైందా అమ్మా?” అని రెండుసార్లు అడిగారు.

ఈ రెండూ తారుమారైతే ఏమవుతుందంటారా? స్టీరియో పాడవదు, కానీ తాళం తీసిన ప్రతిసారీ స్టేషన్లూ గడియారమూ మర్చిపోతుంది. రెంటినీ బ్యాటరీ తీగకే కలిపేస్తే అదింకో గొడవ, స్టీరియో కట్టేయడం మర్చిపోయిన రాత్రి బ్యాటరీ దిగిపోయి తెల్లారి బండి స్టార్టవదు. ‘మా కారు స్టీరియోకి మతిమరుపు’ అని వాపోయేవాళ్లెవరైనా మీకు తెలిస్తే పసుపూ ఎరుపూ చూడమని చెప్పండి.

స్పీకర్లది ఇంకా సరదా. ఏ తీగల జంట ఏ స్పీకరుదో తెలుసుకోవడానికి గోడగడియారంలో వేసే పెన్సిల్ సెల్లు చాలు. జంటని సెల్లు రెండు కొసలకీ ఒక్క క్షణం తాకిస్తే ఆ స్పీకరు ‘టక్’మంటుంది. వెనక సీటులో కూర్చున్న మనిషి “ఎడమ”, “కుడి” అని చెప్పేస్తుంది. అంతేకాదు, స్పీకరు జాలీ తీసి చూస్తూ తాకిస్తే, లోపలి కాగితం శంఖువు బయటికి తోసుకొస్తే సెల్లు ప్లస్సు తగిలిన తీగే స్పీకరు ప్లస్సు. లోపలికి పోతే తిరగేసి ఉన్నట్టు. ఒక స్పీకరు సరిగా, రెండోది తిరగేసీ కలిపితే పాట వస్తుంది కానీ మృదంగం పలచబడిపోతుంది. ఒకటి గాలిని ముందుకు తోస్తుంటే రెండోది వెనక్కి లాగుతుంది, ఆ గుండ్రటి బరువు శబ్దం ఒకదాన్నొకటి తినేస్తుంది. ఎంత ఖరీదు పెట్టి కొన్నా ‘బేస్ రావట్లేదే’ అనుకునే కార్లలో కొన్నిటి సంగతి ఇంతే.

మా వెనక అద్దం దగ్గరున్న ఓవల్ స్పీకర్లు ఎండకి కాగితం పెళుసెక్కి చిరిగిపోయాయి, అవి మార్చాం. 4 ఓముల స్పీకర్లే తీసుకోండి.

ఇక్కడ ఒక్క జాగ్రత్త చెప్పకుండా ముందుకు పోలేను. పాతకాలం పద్ధతిలో కొందరు స్పీకర్ల మైనస్ తీగలన్నీ ఒకచోట ముడేసి కారు ఇనుముకి తగిలించేవారు. ఆనాటి చిన్న సెట్లలో కొన్నిటికి అది చెల్లింది. ఇప్పటి స్టీరియోలకి చెల్లదు. వీటిలో స్పీకరుకి వెళ్లే రెండు తీగల్లోనూ శబ్దం నడుస్తుంది, ఏదీ ఉత్త మైనస్ కాదు. దాన్ని ఇనుముకి తాకిస్తే లోపలి ఆంప్లిఫయరు చిప్పు పోయినా పోవచ్చు. మా బండిలో వెనక స్పీకర్లకి సరిగ్గా ఆ ముడే ఉంది. పెన్సిల్ సెల్లుని ఒక జంటకి తాకిస్తే కుడీ ఎడమా రెండు స్పీకర్లూ గొణగడంతో అనుమానం వచ్చి, కార్పెట్టు ఎత్తి చూస్తే దొరికింది. ఆ తీగలు పీకేసి ఒక్కో స్పీకరుకీ విడిగా రెండేసి తీగలు లాగాం. రోజులో ఎక్కువ పొద్దు దీనికే పోయింది. గుమ్మాల దగ్గర ప్లాస్టిక్ పట్టీల కింద నుంచి తీగ పోనిస్తే పైకి కనబడదు, కాలికి తగలదు.

అన్నట్టు, పెట్టె మీద ‘50 వాట్లు, నాలుగు’ అని రాస్తారు, చూసి మురిసిపోకండి. వెనక ఉన్న ఫ్యూజు 10 ఆంపియర్లు. ఇంజను నడుస్తుంటే వోల్టులు సుమారు 14. హెచ్చవేస్తే 140 వాట్లు. లోపలికి వెళ్లేదే 140 అయితే బయటికి 200 ఎలా వస్తాయి? పాలవాడి లెక్క కూడా ఇంతకన్నా నయం. మామూలుగా ఒక్కో స్పీకరుకి 20 వాట్ల చుట్టుపక్కల వస్తాయి, ఆ చిన్న కారుకి అది ఎక్కువే.

కలపడం దగ్గర నా సలహా, పాత తీగలకి కొత్త స్టీరియో తీగల్ని నేరుగా ముడేయకండి. ఐఎస్ఓ కప్లరు అని అమ్ముతారు, ఎనిమిదేసి సూదులుండే రెండు దిమ్మలు. ఒకటి కరెంటుకి, ఒకటి స్పీకర్లకి. కారు వైపు తీగలన్నీ దాని ఒక సగానికి, స్టీరియో తీగలు రెండో సగానికి కలిపేస్తే, రేపు ఇంకో స్టీరియో కొన్నా ప్లగ్గు పీకి ప్లగ్గు పెట్టడమే. మా మరిది సోల్డరింగ్ ఐరన్ తెచ్చుకుని సీసం అతికించాం. పైన హీట్ ష్రింక్ గొట్టం ముక్క తొడిగి వేడి చూపిస్తే చర్మంలా అతుక్కుపోతుంది, బెజవాడ ఎండ దాన్నేం చేయలేదు. ఒకటే కిటుకు, ఆ గొట్టాన్ని తీగలు అతికించకముందే తొడిగి వెనక్కి జరిపి ఉంచాలి. అతికించాక తొడుగుదామంటే దూరదు.

నల్లతీగ సంగతి వేరుగా చెప్పాలి. పాత మైనస్ తీగని నమ్మకండి. డాష్‌బోర్డు వెనక బలమైన బోల్టు ఒకటి చూసుకుని, దాని కింద పెయింటు మెరిసేదాకా గీకి, రింగు టెర్మినల్‌తో గట్టిగా బిగించండి. ఇది వదులుగా ఉంటే ఇంజను కూత పాటలోకి దూరుతుంది. ఆక్సిలరేటరు తొక్కేకొద్దీ ‘ఊఁ’ అని పైకి లేస్తూ దోమలా వినబడుతుందే, ఆల్టర్నేటరు చేసే చప్పుడు అది. నూటికి ఎన్ని బండ్లలో అనను గానీ, నేను విన్న బండ్లలో చాలావాటికి మందు ఈ గీకుడే.

ఇక బిగింపు. ఇనుప చట్రాన్ని ముందు గూట్లోకి తోసి, చుట్టూ ఉన్న రేకు నాలుకల్ని స్క్రూడ్రైవరుతో వంచితే అది కదలదు. స్టీరియోని అందులోకి తోస్తే ‘టిక్’మంటుంది. వెనకవైపు బోల్టుకి ఒక పట్టీ వేసి ఆనించండి, లేకపోతే మన రోడ్ల మీద గడగడలాడుతుంది. పూర్తిగా తోసేముందే ఒకసారి తాళం తిప్పి నాలుగు స్పీకర్లూ పలుకుతున్నాయో లేదో చూసుకోవడం తెలివైన పని. స్టీరియోతో వచ్చిన రేకు తాళాల్ని కారు కాగితాల కవరులోనే పెట్టండి.

పాట వచ్చింది. మా తోడికోడలు డోరు తీసుకుని బయటికెళ్లి గంతేసింది. మామయ్యగారు వచ్చి కూర్చుని, “రేడియో పెట్టు” అన్నారు. పెట్టాను. ఆకాశవాణి రెయిన్‌బో కృష్ణవేణి 102.2 మీద కదా వచ్చేది. బటను నొక్కితే 102.1, మళ్లీ నొక్కితే 102.3. మధ్యలో 102.2 లేనే లేదు! ఎంత నొక్కినా బేసి అంకెల మీదే గంతులేస్తోంది. మా తోడికోడలి మొహం వాడిపోయింది, పుట్టింటి సొత్తుకి వంకొచ్చిందని.

వంక స్టీరియోది కాదు, దేశానిది. అమెరికాలో ఎఫ్ఎం స్టేషన్లు 88.1, 88.3 ఇలా బేసి దశాంశాల మీదే ఉంటాయి. అందుకని అక్కడి స్టీరియోలు రెండేసి మెట్లు దూకుతాయి. మన దగ్గర అలాంటి నియమం లేదు. మీడియం వేవ్‌కీ ఇదే తంటా. అక్కడ 10 కిలోహెర్ట్జ్‌ల మెట్టు, మన దగ్గర 9. మామయ్యగారు ఏళ్లతరబడి విన్న విజయవాడ 837, హైదరాబాద్ 738, రెండూ తొమ్మిదితో తెగే అంకెలే, వేసి చూడండి. పదితో తెగవు కాబట్టి ఆ స్టీరియో వాటి పక్కనుంచి పోతుందే తప్ప వాటి మీద ఆగదు. సెట్టింగుల్లో ఏరియా అనో, ట్యూనర్ స్టెప్ అనో ఒకటుంటుంది, దాన్ని యూరప్‌కో ఆసియాకో మారిస్తే సరి. మాది మారింది. కొన్ని మారవు. కాబట్టి అమెరికా నుంచి అన్నదమ్ములు ఎవరైనా తెస్తామంటే ముందు ఈ మాట అడగండి. జపాన్ కార్లలోంచి తీసినవైతే ఇంకా చూసుకోవాలి, అక్కడి ఎఫ్ఎం 76 దగ్గర మొదలవుతుంది, పాతవాటిలో 90తోనే ఆగిపోతుంది. మన 102 దాని ఊహకి కూడా అందదు.

పెన్‌డ్రైవు పెట్టినప్పుడు ఇంకో తమాషా. పాటల ఫైళ్లకి చక్కగా తెలుగులో పేర్లు పెట్టాను. స్టీరియో తెర మీద వరసగా చుక్కలూ డబ్బాలూ వచ్చాయి. దానికి తెలుగు అక్షరాలు రావు. పాట వస్తుంది, పేరు రాదు. ఇంగ్లీషు అక్షరాల్లో పేర్లు మార్చి, ముందు 01, 02 అని అంకెలు వేస్తే వరస కూడా కుదిరింది. పెన్‌డ్రైవు ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ చేసి ఉండాలి, వేరే పద్ధతిలో ఉన్నవాటిని చాలా స్టీరియోలు గుర్తుపట్టవు.

ఇదంతా విని రేపే మీ కొత్త కారు విప్పేయకండి తల్లీ. నేను చెప్పింది ఎయిర్‌బ్యాగులూ, స్టీరింగ్ మీద బటన్లూ లేని పాత బండి సంగతి. ఎయిర్‌బ్యాగుల తీగలకి, కనెక్టర్లకి మామూలుగా పసుపు రంగు వాడతారు. అలాంటి పసుపు తొడుగు కనబడితే మల్టీమీటరుతో కూడా ముట్టకండి. కొత్త బండ్లలో స్టీరియో పోతే వెనక కెమెరా, వార్నింగు చప్పుళ్లు, ఇంకా ఏవేవో దానితో ముడిపడి ఉంటాయి. అవి తెలిసినవాళ్లకి ఇవ్వండి, పక్కన నిలబడి చూడండి. తీగలు మెలేసి టేపు చుట్టబోతే “కప్లరు వెయ్యి బాబూ” అనండి. ఆ ఒక్క మాటతో అతను మీతో మాట్లాడే తీరు మారిపోతుంది, చూడండి కావాలంటే.

సాయంత్రం మా ఆయన వచ్చి, “ఎంత తీసుకున్నాడు?” అని అడిగారు. మా తోడికోడలు బీరువా తాళాల గుత్తి తిప్పుకుంటూ “కూలీ ఇంకా ఇవ్వలేదు బావగారూ, మీరే ఇవ్వాలి” అంది.

కప్లరులో ఏ తీగ దేనికి వెళ్లిందో, ఫ్యూజు ఎక్కడుందో, మైనస్ ఏ బోల్టుకి వేశామో, ఏరియా సెట్టింగు ఎలా మార్చాలో, అన్నీ ఒక కాగితం మీద తెలుగులో రాసి, ప్లాస్టిక్ కవరులో పెట్టి, స్టీరియో పైభాగానికి అతికించాం. రేపు దాన్ని బయటికి లాగేవాడెవరైనా సరే, మాలాగా పెన్సిల్ సెల్లు పట్టుకుని వెతుక్కునే పని లేదు. కింద బిగించినవాళ్ల పేర్లు కూడా రాశాం. తన పేరే ముందుండాలని మా తోడికోడలు పట్టుబట్టింది. స్టీరియో వాళ్ల తమ్ముడిది కదా మరి, నేను కాదనలేదు.